రచ్చ గెలిచిన జట్టు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆ సామెతను పట్టుకుని తలకిందులు చేసేసిన జట్టు ఒకటి మన తెలుగునాట ఐదేళ్లు బతికింది. దక్కన్ ఛార్జర్స్ అని దాని పేరు. 2008లో పుట్టింది, 2012లో పోయింది. పుట్టిన ఏడు సొంత మైదానంలో ఏడు ఆటలు ఆడి ఏడూ ఓడింది. మరుసటేడు సముద్రాలు దాటిపోయి, దక్షిణాఫ్రికాలో కప్పు గెలుచుకుంది. పోనీ, కప్పు గెలిచిన జట్టును మన గడ్డమీద కళ్లారా చూద్దామనుకుంటే ఆ పై ఏడాది ఆటలన్నీ పొరుగు రాష్ట్రాలకు తరలిపోయాయి. ఐపీఎల్ కప్పు గెలిచి కూడా ఇవాళ లేకుండా పోయిన జట్టు ఇదొక్కటే.

క్రికెట్టు అనగానే పేజీ తిప్పెయ్యకండి. ఇందులో ఆటకన్నా సంసారం సంగతే ఎక్కువ. పేరు ఒకరిది, ఊరు ఒకరిది, డబ్బు ఇంకొకరిది, అభిమానం మాత్రం మనది. ఆ చివరిదానికి ఎవరూ వెల కట్టలేదు గనక అది ఏ లెక్కల్లోకీ రాలేదు. నాకు చెప్పాలనిపించింది ఆ సంగతే.

2007 సెప్టెంబరులో మొదటి ఇరవై ఓవర్ల ప్రపంచ కప్పును ధోనీ నాయకత్వంలో మనవాళ్లు జొహానెస్‌బర్గ్‌లో గెలిచారు. మూడు గంటల్లో, అంటే ఒక సినిమా చూసేంత సేపట్లో ముగిసే క్రికెట్టు జనానికి తెగ నచ్చేసింది. అప్పటికే జీ టీవీ వారు ఇండియన్ క్రికెట్ లీగ్ అని సొంతంగా ఒక పోటీ మొదలుపెట్టారు. అందులో హైదరాబాద్ హీరోస్ అని మనకో జట్టుండేది. గుంటూరు కుర్రాడు అంబటి రాయుడు అందులోనే చేరాడు. 2008లో ఆ జట్టు ఒక కప్పు గెలిచింది కూడాను. కాని క్రికెట్ బోర్డు ఆ పోటీని గుర్తించలేదు. అందులో ఆడినవాళ్లను వెలివేసింది. 2009లో బోర్డు క్షమించేదాకా రాయుడు లాంటివాళ్లు ఎటూ కాకుండా పోయారు. ఆ పోటీ కూడా ఆ ఏడే చాప చుట్టేసింది. హైదరాబాదు పేరు పెట్టుకుని మాయమైన జట్లలో అది పెద్దక్క అన్నమాట. మన కథ చెల్లెలిది.

బోర్డువారు తామే పెట్టిన పోటీ ఐపీఎల్. ఎనిమిది జట్లను 2008 జనవరి 24న అమ్మకానికి పెట్టారు. హైదరాబాదు హక్కును దక్కన్ క్రానికల్ పత్రిక కంపెనీ 10 కోట్ల 70 లక్షల డాలర్లకు పాడుకుంది. ఆనాటి మారకం లెక్కన సుమారు 420 కోట్ల రూపాయలు. ముంబై, బెంగుళూరుల తరువాత ఎక్కువ ధర పలికింది మనదే. ఆ డబ్బంతా ఒక్కసారే కట్టనక్కరలేదు, పదేళ్లపాటు ఏటా కొంత చొప్పున చెల్లించాలి. ఈ పదేళ్ల ముచ్చట కాస్త గుర్తుంచుకోండి, తరువాత అవసరం పడుతుంది.

ఆంధ్రభూమి వారపత్రిక సీరియళ్ల కోసం వారం వారం ఎదురుచూసిన ఇళ్లకు ఈ కంపెనీ కొత్తది కాదు, ఆ పత్రికా వాళ్లదే. అంచేత వాళ్లు జట్టుకు తమ ఇంగ్లీషు పత్రిక పేరే పెట్టుకున్నారు. ఎనిమిది జట్లలో ఏడింటికి ఊరి పేరో రాష్ట్రం పేరో ఉంటే, మనదానికి మాత్రం పేపరు పేరు! ఇహ ఛార్జరంటే మనకు తెలిసింది గోడకు గుచ్చే సెల్‌ఫోన్ ఛార్జరు. వాళ్ల ఉద్దేశం దూసుకొచ్చే ఎద్దు. గుర్తు కూడా ఎద్దు తలకాయే. పుంగనూరు ఆవులను పెంచే మా ప్రాంతంవాళ్లకు ఆ బొమ్మ చూస్తే నవ్వొచ్చేది. మా పుంగనూరు కోడె నడుమెత్తు కూడా ఉండదు, దూసుకొచ్చినా ఒళ్లోకి వచ్చినట్టే ఉంటుంది.

ఆ ఫిబ్రవరి 20న ముంబైలో ఆటగాళ్లను వేలం వేశారు. మనుషులను వేలం వెయ్యడమేమిటని అప్పట్లో చాలామంది ముక్కున వేలేసుకున్నారు. మదనపల్లె వాళ్లకు మాత్రం ఆ తంతు పరిచయమే. మా టమాటా మార్కెట్టుకు ఎప్పుడైనా పొద్దున్నే వెళ్లి చూడండి. పెట్టెలు వరసగా పేర్చి ఉంటాయి. కాయ రంగు చూసి, గట్టిదనం చూసి, ఎంత దూరం ప్రయాణం తట్టుకుంటుందో అంచనా కట్టి పాట పాడతారు. ఒకనాడు కిలో రెండు రూపాయలకు కొనే నాథుడు లేక రైతు రోడ్డుపక్కన పారబోసి పోతాడు. 2023 జూలైలోలాగా ఒకనాడు వంద దాటిపోతుంది. కాయలో తేడా ఏమీ లేదు, తేడా అంతా ఆ రోజు సంతలోనే. ముంబై వేలంలోనూ అంతే. ధోనీ 15 లక్షల డాలర్లకు పోయాడు. ఆ తరువాతి పెద్ద ధర మనవాళ్లే పెట్టారు, ఆస్ట్రేలియా ఆటగాడు ఆండ్రూ సైమండ్స్ కోసం 13 లక్షల 50 వేలు.

ఆ ధర పెట్టగలగడం వెనక ఒక పెద్దమనిషి తనం ఉంది. ప్రతి ఊరికీ సొంత ఆటగాడు ఒకరిని 'ఐకాన్' అని పిలిచి, జట్టులో అందరికన్నా ఎక్కువ జీతం తీసుకున్నవాడికంటే 15 శాతం అదనంగా ఇవ్వాలని నియమం. హైదరాబాదుకు ఆ హోదా వి.వి.ఎస్. లక్ష్మణ్‌ది. ఆయన ఆ హోదా నాకొద్దన్నాడు. తన జీతానికి పోయే డబ్బుతో జట్టు ఇంకో మంచి ఆటగాణ్ణి కొనుక్కోవచ్చునని. చివరికి ఆయన 3 లక్షల 75 వేల డాలర్లకు ఆడాడు. పండక్కి ఇంటిల్లిపాదికీ పట్టుబట్టలు తీసి తను నేతచీరతో సరిపెట్టుకునే ఇల్లాలు మనలో ప్రతి వీధికీ ఒకరుంటారు కదా, అలాగన్నమాట. జట్టుకు మొదటి నాయకుడూ ఆయనే.

ఇంత చేసీ ఆ ఏడు ఏం జరిగింది? పద్నాలుగు ఆటల్లో గెలిచినవి రెండు. ఒకటి నవీ ముంబైలో, గిల్‌క్రిస్ట్ 42 బంతుల్లో నూరు కొట్టినప్పుడు. రెండోది చెన్నైలో. ఉప్పల్ మైదానంలో ఒక్కటీ లేదు. టిక్కెట్టు కొనుక్కుని వెళ్లిన ప్రతివాడూ ఓటమి చూసే ఇంటికొచ్చాడు. లక్ష్మణ్ గాయపడి తప్పుకున్నాడు, పగ్గాలు గిల్‌క్రిస్ట్ చేతికి పోయాయి. ఎనిమిది జట్లలో ఎనిమిదో స్థానం. జట్టులో అందరూ పేరున్నవాళ్లే, కాని పెళ్లికి వచ్చిన చుట్టాల్లాగా ఎవరి విడిది వారిదే!

2009లో లోక్‌సభ ఎన్నికలు వచ్చిపడ్డాయి. మన రాష్ట్రంలో అసెంబ్లీ ఎన్నికలు కూడా ఆ వేసవిలోనే. ఆటలకు కూడా పోలీసులను ఇవ్వడం కుదరదనేసరికి బోర్డువారు పోటీ మొత్తాన్ని మూటగట్టి దక్షిణాఫ్రికా తీసుకుపోయారు. అందరికీ పరాయిగడ్డే అయినచోట మన జట్టుకు ప్రాణం లేచొచ్చింది. వరసగా నాలుగు ఆటలు గెలిచింది. మధ్యలో మళ్లీ చతికిలపడింది గాని, కిందామీదా పడి నాలుగో స్థానంతో సెమీఫైనల్‌కు చేరింది. కొత్త శిక్షకుడు డారెన్ లీమన్, నాయకుడు గిల్‌క్రిస్ట్, ఇద్దరూ ఆస్ట్రేలియా వాళ్లే. రోహిత్ శర్మ అని ఇరవై రెండేళ్ల కుర్రాడు ఒకనాడు బంతి పట్టుకుని ముంబై మీద వరసగా మూడు వికెట్లు తీశాడు. ఇంకోనాడు కోల్‌కతా మీద చివరి ఓవర్లో 21 పరుగులు కావలసివస్తే బాదిపారేశాడు. సెమీఫైనల్లో గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 కొట్టి ఢిల్లీని ఇంటికి పంపించాడు.

మే 24న జొహానెస్‌బర్గ్‌లో ఫైనలు. రెండేళ్ల క్రితం ధోనీ కప్పెత్తిన మైదానమే అది. ఎదురుగా ఎవరనుకున్నారు? బెంగుళూరు!

ఇక్కడ మా మదనపల్లె వాళ్ల ఇరకాటం కొంచెం చెప్పాలి. అప్పటికి మాది చిత్తూరు జిల్లా. మాకు హైదరాబాదు ఐదు వందల కిలోమీటర్ల పైచిలుకు. బెంగుళూరు నూట ఇరవై చిల్లర, పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటాం. పెళ్లిబట్టలకు బెంగుళూరు, పెద్ద రోగానికి బెంగుళూరు, పిల్లల ఉద్యోగాలకు బెంగుళూరు. కుప్పం వాళ్లయితే మరీను, వాళ్లకు కర్ణాటకా తమిళనాడూ రెండూ పెరటి గోడలే, బెంగుళూరు రైలు ఊళ్లోనుంచే పోతుంది. హైదరాబాదు మా రాజధాని, నిజమే. రాజధాని అంటే సర్టిఫికెట్టు కోసమో సిఫార్సు కోసమో పోయే చోటు. క్రికెట్టులోనైతే అదీ లేదు. రాష్ట్రం ఒకటిగా ఉన్న రోజుల్లోనూ రంజీ పోటీలకు హైదరాబాదు జట్టు వేరు, ఆంధ్ర జట్టు వేరు. మా పిల్లవాడు ఎంత బాగా ఆడినా ఆంధ్ర జట్టుకే పోవాలి గాని హైదరాబాదుకు కాదు.

ఆ రాత్రి మా ఇంట్లో టీవీ ముందు అందరం కూర్చున్నాం. అవ్వ తమలపాకు ఈనె తీస్తూ అడిగింది, "యా ఊరోళ్లురా వీళ్లు?" అని.

"మనోళ్లే అవ్వా, హైదరాబాదు."

"ఆ పక్కోళ్లు?"

"బెంగుళూరు."

"అట్లయితే వాళ్లు గదరా మనోళ్లు! మీ చిన్నాయన ఉండేది ఆడనే గదా."

పిల్లవాడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. అయితే పటం తీసి చూస్తే ఒక చిన్న ఊరట దొరుకుతుంది. మదనపల్లె రెండు వేల అడుగుల ఎత్తున, దక్కను పీఠభూమి మీదే ఉంది. హైదరాబాదు పేరు పెట్టి ఉంటే మాకు వాటా లేదు. దక్కను అన్నారు గనక ఓ మూల మేమూ ఉన్నాం. పేపరు వాళ్లు తమ పేరు కోసం పెట్టుకున్నదే, మాకు అలా కలిసొచ్చింది. దానికి తోడు గిల్‌క్రిస్ట్ మొదటి ఓవర్లోనే సున్నా చుట్టి వెళ్లిపోయేసరికి ఇంట్లో అందరికీ జాలి పుట్టింది. జాలి పుట్టాక ఇంకేముంది, ఆ జట్టు మనదైపోయింది.

అతన్ని ఔట్ చేసింది బెంగుళూరు నాయకుడు అనిల్ కుంబ్లే. నాలుగు ఓవర్లలో 16 పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీశాడు పాపం. గిబ్స్ నిలబడి 53 చేస్తే మనవాళ్లు 143 దాకా లాగారు. బెంగుళూరు 137 దగ్గర ఆగిపోయింది. ఆరంటే ఆరు పరుగులు! నిరుడు అట్టడుగున ఉన్న జట్టు ఈ ఏడు పైకెక్కింది.

ఆ పదకొండుగురిలో మన పేర్లు వెతుక్కుంటే, హైదరాబాదు కుర్రాడు తిరుమలశెట్టి సుమన్, విశాఖపట్నం వేణుగోపాలరావు, హైదరాబాదులో ఆడి పెరిగిన ఒడియా కుర్రాడు ప్రజ్ఞాన్ ఓఝా. లక్ష్మణ్ లేడు. తన జీతం వదులుకుని జట్టును నిలబెట్టినవాడు కప్పు రోజున బయట కూర్చున్నాడు. ఆటలో అలాంటివి మామూలేనంటారు. నాకు మాత్రం అది మామూలుగా అనిపించలేదు. 2011 వేలంలో ఆయన్ను కొచ్చి వాళ్లు కొనుక్కున్నారు. ఆ కొచ్చి జట్టయితే ఒక్క ఏడాదే బతికింది.

ఇహ 2010. అంతకు ముందు డిసెంబరు నుంచి రాష్ట్రం తెలంగాణ ఉద్యమంతో అట్టుడుకుతోంది. ఆటలు జరిపించడం కష్టమన్నారు. విజేతల సొంత మైదానం ఆ ఏడు కటక్, నాగపూర్, నవీ ముంబై అయింది. సొంతిల్లు ఉండీ మూడు అద్దె ఇళ్లు! అయినా మన జట్టు సెమీఫైనల్ దాకా వెళ్లింది, ఓఝా అందరికన్నా ఎక్కువ వికెట్లు తీశాడు. ఉప్పల్‌లో జనం మన జట్టు గెలుపు చూసింది 2011లో. పుట్టిన నాలుగో ఏట అన్నమాట. అప్పటికి గిల్‌క్రిస్ట్ లేడు, సైమండ్స్ లేడు, రోహిత్ లేడు. మూడేళ్లకోసారి అందర్నీ మళ్లీ సంతలో పెట్టాలన్న నియమం ప్రకారం అంతా చెదిరిపోయారు. రోహిత్‌ను ముంబై 20 లక్షల డాలర్లకు పాడుకుంది.

అతని తల్లిది విశాఖపట్నం. 2012 ఏప్రిల్ 9న, ఆ విశాఖపట్నంలోనే, మన జట్టు ముంబైతో ఆడింది. చివరి బంతికి ముంబైకి మూడు పరుగులు కావాలి. ఆడుతున్నది రోహిత్. మేనమామల ఊళ్లో సిక్సరు కొట్టి, తనను పెంచిన జట్టును ఓడించి వెళ్లాడు. ఆ తరువాత అతను ముంబైకి నాయకుడై ఐదు కప్పులు గెలిపించాడు. పెంచింది ఒకరు, ఫలం తిన్నది ఇంకొకరు. ఆడపిల్లలను కన్నవాళ్లకు ఇది కొత్తగా చెప్పాలా!

డబ్బున్నవాడి చెయ్యి పట్టుకుని జట్టు పుట్టడం, ఆ చెయ్యి సడలితే పోవడం మన దేశంలో కొత్తేమీ కాదు. విజయనగరం మహారాజకుమార్ 1930లో ఇంగ్లండు నుంచి హాబ్స్, సట్‌క్లిఫ్‌లంతటివాళ్లను రప్పించి తన జట్టులో ఆడించాడు. ఇండోరు మహారాజు హోల్కర్ జట్టుకు మన సి.కె. నాయుడు నాయకుడు. నాలుగుసార్లు రంజీ కప్పు గెలిచిన ఆ జట్టు, సంస్థానాలు పోయాక కొన్నేళ్లకు పేరుతో సహా చెరిగిపోయింది. కాకపోతే మహారాజు ఖర్చుపెట్టింది తన ఖజానా. కంపెనీలు పెట్టేది అప్పు.

2012 నాటికి దక్కన్ క్రానికల్ కంపెనీ అప్పుల్లో పీకలదాకా కూరుకుపోయింది. ఆటగాళ్ల జీతాలు బాకీ పడ్డాయి. జట్టును అమ్మేద్దామని సెప్టెంబరు 13న వేలం పెడితే పాడింది ఒక్కరే. పీవీపీ సంస్థ 900 కోట్లు ఇస్తామంది. చెల్లించే పద్ధతి నచ్చక కంపెనీవారు వద్దన్నారు. ఆ మర్నాడే బోర్డు సమావేశమై జట్టును రద్దు చేసింది. కోర్టుకెక్కితే వంద కోట్లకు బ్యాంకు హామీ తెమ్మన్నారు. అక్టోబరు 12 దాకా గడువిచ్చినా హామీ రాలేదు. అంతే, తలుపు మూసేశారు. అక్టోబరు 25న ఆ హక్కును సన్ టీవీ వారు ఏడాదికి 85 కోట్ల చొప్పున పాడుకున్నారు. అయిదేళ్లకు లెక్కవేసుకోండి, పాతవారు పదేళ్లకు పాడినంత అయింది. సన్‌రైజర్స్ హైదరాబాద్ అలా వచ్చింది. పాత ఆటగాళ్లలో ఇరవై మందిని వాళ్లే అట్టిపెట్టుకున్నారు. సామాను అదే, ఇంటి యజమాని మారాడు. 2016లో కప్పూ గెలిచారు. కాని ఛార్జర్స్ గెలిచిన 2009 కప్పు వాళ్ల లెక్కలోకి రాదు. అది ఎవరి ఇంట్లోనూ లేని ఫొటో.

పదేళ్ల ముచ్చట గుర్తుందా? పదేళ్ల ఒప్పందాన్ని అయిదేళ్లకే తెంపేశారని పాత కంపెనీ పోరింది. 2020 జూలైలో మధ్యవర్తి వారి పక్షానే తీర్పిచ్చి, బోర్డు 4,800 కోట్ల పైచిలుకు చెల్లించాలన్నాడు. 2021 జూన్‌లో బొంబాయి హైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఇన్ని కోట్ల వాదప్రతివాదాల్లో బోర్డు నష్టపోయిందా, కంపెనీ నష్టపోయిందా అన్నదే ప్రశ్న. ఆరు పరుగుల తేడాతో గెలిచిన రాత్రి నిద్రలు మానుకుని కూర్చున్నవాళ్లం ఆ కాగితాల్లో ఎక్కడా లేం. ఉండమని ఎవరూ అనలేదులెండి. టమాటా పారబోసిన రైతుకు రసీదు ఉంటుందా?

2014 జూన్ 2న రాష్ట్రమే రెండయింది. హైదరాబాదు ఇప్పుడు మాకు రాజధాని కూడా కాదు. ఐపీఎల్‌లో ఆంధ్రప్రదేశ్ పేరున జట్టు లేదు. మా పిల్లలు కొందరు హైదరాబాదు జట్టంటారు, ఎక్కువమంది బెంగుళూరంటారు, కుప్పం పక్కన చెన్నై అనేవాళ్లూ ఉన్నారు. ఒకే ఇంట్లో మూడు జెండాలు. అవ్వ మాటే నిజమైంది.

2023లో ఆడపిల్లలకు కూడా ఇలాంటి పోటీ మొదలైంది. ఐదు జట్లు: ముంబై, ఢిల్లీ, బెంగుళూరు, గుజరాత్, ఉత్తరప్రదేశ్. తెలుగువాళ్లకు మొదట్లో ఉండి పోవడం కాదు, అసలే లేదు. సికింద్రాబాదులో బ్యాటు పట్టిన మిథాలీ రాజ్ గుజరాత్ జట్టుకు సలహాదారుగా వెళ్లింది. ఆదోని అమ్మాయి అంజలి శర్వాణి ఉత్తరప్రదేశ్ తరఫున ఆడింది. మా పక్క కడప జిల్లా పల్లెటూరి పిల్ల శ్రీచరణి 2025 నవంబరు 2న నవీ ముంబైలో ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో ఉంది. ఛార్జర్స్ మొట్టమొదటి గెలుపు చూసిన మైదానం అదే. ఆ ఏడు లీగు పోటీలకు ఆమెను 55 లక్షలకు పాడుకున్నది ఢిల్లీ వాళ్లు.